సీటీ సాయంతో ఊపిరితిత్తి బయాప్సీ – 6వ పాఠం: సిరలోకి గాలి చేరితే

గత పాఠంలో న్యూమోథొరాక్స్‌ను (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), సూది దారిలో జరిగే రక్తస్రావాన్ని చూశాం. అవి తరచుగా ఎదురవుతాయి కనుక చేయి వాటికి త్వరగానే అలవాటుపడుతుంది. ఈసారి చెప్పుకోబోయే ఎయిర్ ఎంబాలిజం, అంటే రక్తనాళాల్లోకి గాలి బుడగలు చేరడం, అలాంటిది కాదు. లక్షణాలతో బయటపడేది సాధారణంగా 1000 బయాప్సీలలో ఒకటి కన్నా తక్కువే. కానీ వచ్చినప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు.

కోయాక్సియల్ సూది (బయాప్సీ సూది దూరే బయటి గొట్టపు సూది) కొన పల్మనరీ సిరలో (ఊపిరితిత్తి నుంచి గుండెకు రక్తం తెచ్చే సిర) ఉందని తెలియక మనం స్టైలెట్ (ఆ గొట్టాన్ని మూసి ఉంచే లోపలి కడ్డీ) తీశామనుకుందాం. సరిగ్గా అప్పుడే రోగి గట్టిగా ఊపిరి పీలిస్తే, ఆ సిరలోని పీడనం బయటి గాలి పీడనం కంటే తగ్గి, సూది గొట్టం గుండా గాలి లోపలికి పోతుంది. మరో దారి కూడా ఉంది. సూది ఒక శ్వాసనాళికను, దగ్గరలోని సిరను కలిపి గుచ్చితే, దగ్గినప్పుడు పెరిగే పీడనమే గాలిని సిరలోకి నెడుతుంది. అక్కడి నుంచి ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, మహాధమని; మధ్యలో వడగట్టే కేశనాళికలేవీ లేవు. కుడి కరోనరీ ధమని మహాధమని ముందుభాగం నుంచి బయలుదేరుతుంది కాబట్టి, వెల్లకిలా పడుకున్న మనిషిలో తేలే బుడగ అటే పోతుంది. అక్కడ 1 మి.లీ. లోపు గాలి కూడా ప్రాణాంతకం కాగలదు.

అందుకే స్టైలెట్ తీసే పద్ధతి మీద నేను ఇంతగా పట్టుబడతాను. సూది తలపై ముందుగా సెలైన్ చుక్కలు వేయండి. స్టైలెట్ జారుతూ వస్తుండగా ఆ సెలైన్ ఖాళీని నింపుతుంది. వెంటనే బొటనవేలితో మూయండి. రోగికి “గట్టిగా పీల్చకండి, మామూలుగా వదిలి ఆపండి” అని సూది గుచ్చకముందే రెండుసార్లు సాధన చేయించండి. దగ్గు ఆగని రోగికి ఆ రోజు బయాప్సీ వాయిదా వేయడమే మేలు.

మాట తడబడినా, చేయి పట్టు తప్పినా, ఈసీజీలో ఎస్‌టీ భాగం (గుండె కండరానికి రక్తం అందకపోతే మారే గీత) పైకి లేచినా సూదిని వెంటనే తీసేయండి. రోగిని లేపి కూర్చోబెట్టవద్దు; పడుకోబెట్టే ఉంచి, 100 శాతం ఆక్సిజన్ పెట్టి, సహాయానికి పిలవండి. నాడి ఆగితే సీపీఆర్ మొదలుపెట్టాలి. స్థిమితంగా ఉంటే అదే బల్లపై ఛాతీని, తలను స్కాన్ చేసి, మహాధమనిలో నల్లని బుడగ ఉందేమో చూడాలి. హైపర్‌బారిక్ గది (అధిక పీడనంలో ఆక్సిజన్ ఇచ్చే గది) ఎక్కడుందో, అక్కడి ఫోన్ నంబరు ఏమిటో ముందే గోడపై రాసి ఉండాలి. ఏ లక్షణమూ లేని రోగిలో కూడా గాలి కనిపించిన సందర్భాలున్నాయి కనుక, ప్రతి బయాప్సీ తర్వాతి చిత్రాలలో ఎడమ జఠరికను వదలకుండా చూడండి.

సూది దారిలో క్యాన్సర్ కణాలు నాటుకోవడం ఇంకా అరుదు. బయటి సూదిని కదపకుండా దానిలోంచే ముక్కలు తీస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. స్టెర్నమ్ (రొమ్ము ఎముక) అంచున గుచ్చేటప్పుడు, దాని పక్కనే దిగే ఇంటర్నల్ మామరీ ధమనికి సూది తగలకుండా, దానిని ముందుగా స్కాన్‌లో గుర్తించండి.

ఈ వారం అభ్యాసం: గడువు తీరిన కోయాక్సియల్ సూదిని స్పాంజిలో గుచ్చి, సెలైన్ చుక్క, స్టైలెట్, బొటనవేలు అనే వరుసను చేయి తడుముకోనంత వరకు చేయండి.