రాయి నుంచి ఉక్కు దాకా, అంతా కార్బన్ లెక్కే

పోయినేడు ఆటోనగర్‌లో మా షెడ్డుకి విరిగిన బీడు (కాస్ట్ ఐరన్) బ్రాకెట్ ఒకటొస్తే మామూలు రాడ్డుతోనే వెల్డింగ్ చేసేశా, చల్లారుతుండగానే కుట్టు పక్కన టక్కుమని పగిలిపోయింది. బీడూ ఇనుమే, స్లాబుకేసే ఊచా ఇనుమే, మరి ఒకటి వంగుతుంది ఒకటి పగులుతుంది ఎందుకంటే ఆ ఇనుము పుట్టిన దగ్గర్నుంచీ చూడాలి. ఐటీఐ, డిప్లొమా పిల్లలు ఇది ఒక్కసారి నిదానంగా చదవండి.

ఖనిజాన్ని కరిగిస్తే ఇనుము వచ్చేస్తుంది అనుకుంటారు చాలామంది, కాదు. స్వచ్ఛమైన హెమటైట్ 100 కిలోలు తీసుకుంటే 70 కిలోలు ఇనుము, 30 కిలోలు ఆక్సిజన్, ఆ రెండిటినీ విడదీయడమే అసలు పని. దానికి కోక్ కావాలి. బొగ్గుని గాలి తగలకుండా 1000 డిగ్రీల పైన గంటల తరబడి కాలిస్తే కోక్ అవుద్ది. పచ్చి బొగ్గు నేరుగా కొలిమిలో వేస్తే పైనుంచి పడే బరువుకి నలిగిపోయి గాలి ఆడదు, అందుకే ఇంత తిప్పలు. ఖనిజం పొడి కూడా అంతే, కోక్ పొడి, సున్నపురాయి కలిపి కాల్చి గడ్డలుగా చేసుకుంటారు, దాన్నే సింటర్ అంటారు.

ఇప్పుడు బ్లాస్ట్ ఫర్నేస్, అంటే ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి. పైనుంచి సింటర్, ఖనిజం, కోక్ వరసలు వరసలుగా పోస్తారు, కింద నుంచి 1000 డిగ్రీలు దాటిన వేడిగాలి కొడతారు, కోక్ మండి కార్బన్ మోనాక్సైడ్ తయారై పైకి పోతూ పోతూ ఖనిజంలో ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. సున్నపురాయి పనేంటంటే మట్టి, ఇసక లాంటి మలినాల్ని పట్టుకుని చిట్టెంగా తేల్చడం. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి వస్తే సున్నపురాయి గని మాత్రం మన జగ్గయ్యపేటలోనే ఉంది, మన పక్కనే ఉన్నా చాలామందికి తెలీదు. ఆ చిట్టెం కూడా పారెయ్యరు, నీళ్ళు కొట్టి రవ్వలా చేసి సిమెంటుకి పంపుతారు.

కింద దిగే ఇనుములో కోక్ నుంచి ఎక్కిన కార్బన్ 4 శాతం పైనే ఉంటది. బీడు పెళుసుగా ఉండేది ఇందుకే. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీలకి గానీ కరగదు, ఇంత కార్బన్ చేరితే 1150 దగ్గరే కరుగుద్ది, కాబట్టి అచ్చుల్లో పోయడానికి బాగుంటది, సుత్తి దెబ్బకి మాత్రం ఆగదు.

ఉక్కు చేయాలంటే అలా ఎక్కిన ఆ కార్బన్‌ని మళ్ళీ తీసెయ్యాలి. కన్వర్టర్ అనే పెద్ద పాత్రలో ముందు కొంత స్క్రాప్ వేసి, వేడి ఇనుము పోసి, పైనుంచి ఆక్సిజన్ ఊదుతారు, 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో మొదలైన పద్ధతి ఇది. వేరే ఇంధనం అక్కర్లేదు, లోపలున్న కార్బన్, సిలికాన్ మండే వేడే సరిపోతుంది, 20 నిమిషాల్లో పని అయిపోద్ది. సున్నం వేసేది ముఖ్యంగా ఫాస్ఫరస్ కోసం, అది మిగిలితే చలికి ఉక్కు పెళుసెక్కుద్ది. చివర్లో అల్యూమినియం, ఫెర్రోసిలికాన్ వేసి మిగిలిన ఆక్సిజన్ తీసి, కావాల్సినంత కార్బన్ సరిచేసి పోతకి పంపుతారు.

ఇక మన షెడ్డులో ఏది ఏంటో గుర్తుపట్టడం. కళ్ళద్దాలు పెట్టుకోండి, తుప్పూ రంగూ ముందు గీకెయ్యండి, నీడలో నిలబడి గ్రైండర్‌కి ఒకే ఒత్తిడితో ఆనించండి. ఊచ ముక్కకి రవ్వలు పొడుగ్గా, చివర కొద్దిగా చీలి వస్తాయి. లారీ కమాను పట్టీలో కార్బన్ అర శాతం పైనే కాబట్టి చిచ్చుబుడ్డిలా చిట్లుతాయి. బీడుకైతే పొట్టిగా, మసక ఎరుపులో చక్రం దగ్గరే ఆరిపోతాయి. అలా కనపడితే మామూలు రాడ్డు పక్కన పెట్టేసి నికెల్ రాడ్డు తీయండి, ముందు బాగా వేడి చేసి, చిన్న చిన్న కుట్లు వేసి, పొడి బూడిదలో కప్పి మర్నాటిదాకా కదిలించకండి.