చెన్నై ఉక్క, చెప్పుకోలేని చోట తామర

వేళచ్చేరి నుంచి ఆఫీసుకి స్కూటీ, అక్కడ సాయంత్రం దాకా రెగ్జిన్ కుర్చీ. మే నెల ఉక్కకి లెగ్గింగ్స్ ఒంటికి అతుక్కుపోయి పిరుదుల మీద గుండ్రటి మచ్చలు లేచాయి. అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా. రాత్రయితే ఒకటే దురద.

మందుల షాపతను చూడకుండానే స్టెరాయిడ్ కలిసిన క్రీము ఇవ్వబోయాడు. వద్దన్నాను. అది దురదను అణిచిపెట్టి ఫంగస్‌ని పెంచుతుంది.

చర్మం డాక్టరమ్మ ఇది ఫంగస్ వల్ల వచ్చే తామరేనని, ఫంగస్‌ని చంపే లులికొనజోల్ క్రీము రాశారు. మచ్చ దాటి చుట్టూ 2 సెంటీమీటర్ల దాకా పూయాలి, మచ్చ పోయినా ఆవిడ చెప్పేవరకూ ఆపకూడదు. తువ్వాలు విడిగా, లోదుస్తులు నూలువి, ఉతికి ఎండలో ఆరేయడం (చెన్నైలో ఎండకేం కొదవ!). మా ఆయనకీ ఉంటే ఇద్దరం వాడాల్సిందే. మచ్చలు పోయాయి.

వెంట్రుకల కుదుళ్ల దగ్గర చీము పొక్కులైతే మాత్రం అది ఫాలిక్యులైటిస్ కావచ్చు, దాని మందు వేరు.