మట్టిలోని శిలీంధ్రాలను గుర్తించడం ఎలా?

వరంగల్ చుట్టుపక్కల పత్తి, మిర్చి చేలల్లో మొక్కలు వడలిపోతే రైతులు ముందుగా మట్టిలోని బూజునే అనుమానిస్తారు. కానీ పంటకు మేలు చేసే ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం ఉండేదీ ఆ మట్టిలోనే. ఏది ఏదో తేల్చుకోకుండా మందు పోయడం నష్టమే.

ముందు పైపొర తీసేసి, వేళ్ల దగ్గర 10–15 సెంటీమీటర్ల లోతు మట్టిని తీసుకోండి. నల్లరేగడి, చల్క మట్టిని కలపవద్దు. 10 గ్రాముల మట్టిని సూక్ష్మజీవుల్లేకుండా శుద్ధిచేసిన 90 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, వెయ్యో వంతు వచ్చేదాకా అంచెలంచెలుగా పలుచన చేయండి. బ్యాక్టీరియాను ఆపే స్ట్రెప్టోమైసిన్ కలిపిన రోజ్ బెంగాల్ అగార్‌ (శిలీంధ్రాలను పెంచే జిగురు మాధ్యమం) పళ్లెంపై ఆ నీటిని 0.1 మిల్లీలీటరు పరచి, వెలుతురు తగలకుండా ఉంచండి. మొలిచిన ఒక్కో కాలనీని (శిలీంధ్రపు గుంపును) విడిగా బంగాళాదుంప డెక్స్‌ట్రోజ్ అగార్‌పైకి మార్చి, 25–28 డిగ్రీల వద్ద 5–7 రోజులు పెంచాలి. మన ఎండాకాలపు గది వేడి దీనికి పనికిరాదు, ఇంక్యుబేటర్ తప్పనిసరి.

ఇప్పుడు పళ్లేన్ని మూత తీయకుండానే పైనుంచీ, అడుగునుంచీ చూడండి. శిలీంధ్ర బీజాలు (స్పోర్లు) ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది, వాసన చూడనే వద్దు. రెండు మూడు రోజుల్లోనే బూడిదరంగు నూగుతో పళ్లెమంతా నిండితే రైజోపస్ కావచ్చు. నల్లటి పొడి కనిపిస్తే ఆస్పర్జిల్లస్ నైగర్ కావచ్చు. అసలు చిక్కు ఆకుపచ్చతోనే. ట్రైకోడెర్మా, పెనిసిలియం, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ మూడూ పచ్చగానే ఉంటాయి. అందుకే రంగు చూసి పేరు పెట్టవద్దు.

సూదితో గీరితే బీజాల అమరిక చెదిరిపోతుంది. పారదర్శకమైన టేపు ముక్కను కాలనీ అంచుకు మెల్లగా తాకించి, స్లైడుపై ల్యాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు ద్రావణపు చుక్క మీద అతికించండి. సూక్ష్మదర్శినిలో ముందు 10, తర్వాత 40 రెట్ల కటకంతో చూడండి. కాడ చివర గుండ్రంగా ఉబ్బి, దాని చుట్టూ బీజాల గొలుసులుంటే ఆస్పర్జిల్లస్. ఉబ్బు లేకుండా కాడ కొసన కొమ్మలుగా చీలి, వాటి నుంచి గొలుసులు సాగితే పెనిసిలియం. గొలుసులే లేకుండా, సీసా ఆకారపు కణాల కొసన బీజాలు గుత్తులుగా ఉంటే ట్రైకోడెర్మా. రైజోపస్ తంతువుల్లో అడ్డుగోడలు దాదాపు ఉండవు.

కొడవలిలా వంగి, అడ్డుగోడలున్న బీజాలు ఫ్యుజేరియంవి. అయితే ఎండుతెగులు తెచ్చే ఫ్యుజేరియం ఆక్సీస్పోరమ్, హాని చేయని దాని రకాలు సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపిస్తాయి. శుద్ధిచేసిన మట్టిలో పెంచిన ఆరోగ్యకరమైన పత్తి మొలకలకు మీరు వేరుచేసిన ఫ్యుజేరియాన్ని సోకించి, అవి వడలిపోయాక వాటి కాండం నుంచి అదే శిలీంధ్రాన్ని తిరిగి వేరుచేసినప్పుడే తెగులు దానిదని చెప్పండి.