రిసెప్షన్ భోజనాలు ఆలస్యమవుతున్నాయా? తేడా ఎక్కడొస్తుందో చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇళ్ల పెళ్లిళ్లకు వంటల దగ్గర నిలబడే పని నాదే. కూరల మీద మాట పడింది తక్కువ. పడిందల్లా టైం మీదే.

సమస్య: కార్డులో ఏడున్నర అని ఉంది. తొమ్మిదైనా ఆకు పడలేదు.

కారణం స్టేజీ. జంట రావాలి, అక్షింతలు వేయాలి, ఫోటోలు దిగాలి, ఆ తర్వాతే భోజనాలు అని ఎవరో ఒక పెద్ద అనేస్తారు. జంటేమో ఎనిమిదిన్నరకు గానీ తయారవ్వరు. మా చిన్నాన్న కూతురి రిసెప్షన్‌లో ఒక ముసలాయన మాత్ర అరచేతిలో పట్టుకుని, మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టుకుని డైనింగ్ హాలు తలుపు వైపే చూస్తున్నారు. అప్పటికి తొమ్మిదింపావు. "షుగర్ మాత్ర బాబూ, అన్నానికి ముందు వేసుకోవాలి. అన్నం ఎప్పుడో తెలియక ఆగాను" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

పరిష్కారం: జంట వచ్చినా రాకపోయినా ఏడున్నరకు తలుపు తీయాలి. గుమ్మం దగ్గర ఇంటి మనిషి ఒకరు నిలబడి, "ముందు భోంచేసి రండి, అక్షింతలు తర్వాత వేద్దురు గానీ" అని చెప్పాలి. కేటరింగ్ వాళ్లు చెప్తే ఎవరూ కదలరు, మేనమామ చెప్తే లేస్తారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురికి స్టేజీ ఎక్కకముందే నాలుగు ముద్దలు పెట్టేయండి.

సమస్య: మొదటి బంతి టైంకే కూర్చుంది. చివరి బంతి లేచేసరికి అర్ధరాత్రి.

ఇది లెక్క వేసుకోకపోవడం వల్ల వచ్చేది. 600 మంది, హాల్లో 100 ఆకులు పడతాయి అంటే 6 బంతులు. తినడానికి అరగంట, ఎత్తి తుడిచి మళ్లీ ఆకులు వేయడానికి 10 నిమిషాలు. మొత్తం 240 నిమిషాలు, అంటే 4 గంటలు. ఏడున్నరకు మొదలైతే పదకొండున్నర అవుతుంది. వడ్డించేవాళ్లను తిట్టి లాభం లేదు.

పెరట్లో షామియానా వేసి ఇంకో 50 ఆకులకు చోటు చేస్తే 4 బంతుల్లో, పది దాటిన కాసేపటికే అయిపోతుంది. బఫే అయితే అన్ని వంటలతో రెండు వరసలు పెట్టండి, పెరుగన్నం, స్వీటు మాత్రం వేరే బల్ల మీద ఉంచండి. పెద్దవాళ్లకు ఏదైనా సరే కుర్చీ వేసి వడ్డించాల్సిందే. మొదటి బంతి పాతపట్నం, టెక్కలి వైపు తిరిగి వెళ్లాల్సినవాళ్లది, బరంపురం నుంచి బస్సు కట్టుకొచ్చినవాళ్లది. మన వీధివాళ్లు ఆగగలరు.

సమస్య: చివరి బంతికి అన్నం చల్లారిపోయింది, పెరుగన్నం పులిసింది.

అన్నీ సాయంత్రం ఐదుకే దించేసి ఉంటారు. ఒక బంతి కూర్చోగానే తర్వాతి బంతికి ఎసరు పెట్టించండి. కూరలు కనీసం 60 డిగ్రీల వేడి మీద ఉండాలి. పొయ్యి దించి రెండు గంటలు దాటితే వడ్డించకండి. పులిహోర ఆగుతుంది, పెరుగన్నం ఆగదు. దాన్ని బంతి బంతికీ కలపాలి.

సమస్య: ఒడియా సంబంధం. ఎనిమిదికి వస్తామన్న బరాత్ పదిన్నరకు వచ్చింది.

పెళ్లీ విందూ ఒకే రాత్రి పెట్టుకున్నప్పుడు ఇది తప్పదు. బ్యాండు, డాన్సులు, బాణసంచాతో వీధి వీధికీ ఆగుతూ వస్తారు. అది వాళ్ల ముచ్చట, తప్పు పట్టకూడదు. మగపెళ్లివారు తినకుండా మనం ఎలా తింటాం అని ఊరందరినీ కూర్చోబెట్టడమే తప్పు. వియ్యంకుడితో ముందురోజే మాట్లాడి మీ బంధువులకు వడ్డించేయండి. బరాత్‌కు 100 ఆకులు, ఒక వంటమనిషి, ఒక పొయ్యి విడిగా ఉంచండి. లక్ష్మివారం (గురువారం) అయితే ఒడియా ఇళ్లల్లో చాలామంది నీచు ముట్టరు, కాబట్టి శాకాహారం పాళ్లు పెంచండి. బ్యాండు బయల్దేరగానే అటువైపు కుర్రాడొకడిని ఫోన్ చేయమనండి. బియ్యం అప్పుడు కడిగినా చాలు, వాళ్లు వచ్చి కాళ్లు కడుక్కునేసరికి అన్నం వేడిగా ఉంటుంది.