ఫుట్‌బాల్‌లో వెనకనుంచి ఆడితే బంతి పోతోందా? లక్షణం, కారణం, సవరణ

పెంకుటింట్లో వాన నీరు కారుతుంటే చుక్క పడేచోటికి సూటిగా పైన పెంకు బాగానే ఉంటుంది. పగిలింది ఇంకా ఎగువనెక్కడో ఉంటుంది, నీరు వాసం పట్టుకుని దిగొస్తుంది. కీపర్, డిఫెండర్ల నుంచి చిన్న పాసులతో ఆట మొదలెట్టినప్పుడు ఎదుటిజట్టు ప్రెస్‌లో, అంటే బంతి లాక్కోడానికి కలిసి మీదకొచ్చినప్పుడు, బంతి పోవడమూ అలాగే. లెఫ్ట్ బ్యాక్ (ఎడమ అంచున ఆడే డిఫెండర్) కాళ్ళ దగ్గర బంతి పోతే గ్రౌండంతా లెఫ్ట్ బ్యాక్ మీద అరుస్తుంది. అసలు తప్పు చాలాసార్లు దానికి రెండు పాసుల ముందే జరిగిపోయి ఉంటుంది.

అందుకని మందు వెతికే ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి. ఫోను చాలు. శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ మైదానమైనా, విజయనగరం విజ్జీ స్టేడియమైనా, ఊరి హైస్కూలు గ్రౌండైనా సరే, మన గోలు వెనక కాస్త ఎత్తులో నిలబడి వీడియో తియ్యండి. గీత పక్కనుంచి తీస్తే ఆటగాళ్ళ మధ్య సందులు కనబడవు. బంతి పోయిన క్షణం దగ్గర ఆపి, రెండు పాసులు వెనక్కి జరిపి మూడు సంగతులు చూడండి. బంతి అందుకున్నవాడి ఛాతీ ఎటు తిరిగి ఉంది? పాసు ఎంత వేగంగా వెళ్ళింది? బంతి ఉన్నవాడికి ఇవ్వడానికి ఎంతమంది కనబడుతున్నారు? కింద చెప్పే కారణాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గరికే వస్తాయి.

ఇంకో మాట. ప్రెస్ చెయ్యడమంటే ఊరికే ఎగబడటం కాదు. తెలిసిన జట్టు సైగ కోసం కాచుకుని ఉంటుంది. మెల్లగా దొర్లే పాసు, కాలికి తగిలి ఎగిరిన మొదటి టచ్, వెనక్కి ఇచ్చిన బంతి, గీత పక్కనున్నవాడికి వెళ్ళే పాసు, సొంత గోలు వైపు తిరిగి బంతి అందుకునేవాడు: వీటిలో ఏది కనబడినా ముగ్గురు నలుగురు ఒకేసారి కదులుతారు. ఆ సైగ ఇస్తున్నది మనమే.

లక్షణం: గోల్ కిక్ చిన్నగా ఆడగానే మూలకి తోసేస్తున్నారు

ఎదుటివాళ్ళు తాకిన బంతి మన గోలు గీత దాటి బయటికి పోతే మనం మళ్ళీ ఆట మొదలెట్టేది గోల్ కిక్. 2019లో దీని నిబంధన మారింది. గోల్ కిక్ అందుకునే మనవాడు పెనాల్టీ ఏరియా (గోలు ముందరి పెద్ద పెట్టె) లోపలే ఉండొచ్చు. బంతి కదిలేదాకా ఎదుటివాళ్ళు మాత్రం బయటే ఉండాలి. టీవీలో చూసి అందరూ ఇది మొదలెట్టారు గానీ ఎంత దూరంలో నిలబడాలో పట్టించుకోరు. ఇద్దరు స్టాపర్లూ (మధ్యలో ఆడే డిఫెండర్లు) గోల్ ఏరియా (గోలు ముందరి చిన్న పెట్టె) మూలల దగ్గర, అంటే 18 మీటర్ల ఎడంలో నిలబడితే, పెనాల్టీ ఏరియా అంచు మధ్యలో ఉన్న ఒక్క ఫార్వర్డ్ సుమారు 14 మీటర్లు పరిగెత్తి ఎవరినైనా పట్టుకుంటాడు. అదే స్టాపర్లు పెనాల్టీ ఏరియా పక్క గీతల దాకా జరిగితే అతను సుమారు 23 మీటర్లు రావాలి. తేడా ఒక సెకను పైనే. తల ఎత్తి చూసి, బంతిని ముందుకి తోసి, పాసు ఎంచుకోడానికి ఆ సెకను సరిపోతుంది.

దూరం పెరిగింది కాబట్టి కిక్ గట్టిగా వెళ్ళాలి. 18 మీటర్ల పాసుని బుజ్జగిస్తున్నట్టు దొర్లిస్తే మళ్ళీ మొదటికే వస్తాం. పాసు అందుకునేవాడి గోలు వైపు కాలికి కాకుండా గీత వైపు కాలికి పడాలి. అప్పుడే మొదటి టచ్‌తో ముందుకి కదలగలడు.

ఇద్దరు స్టాపర్ల మీదకి ఇద్దరు ఫార్వర్డులు వస్తే మిడ్‌ఫీల్డర్ ఒకడు దిగి వాళ్ళ మధ్య నిలబడి ముగ్గురవుతారు. 2006 ప్రపంచ కప్పులో మెక్సికోకి కోచ్‌గా ఉన్న రికార్డో లా వోల్పే పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. అయితే ఎదుటివాడు ఒక్కడే వస్తున్నప్పుడు కూడా మిడ్‌ఫీల్డర్ దిగిపోతే ముందు మనిషి తగ్గిపోవడం తప్ప లాభం లేదు. ఇది ఇక్కడ చాలా జట్లలో అలవాటైపోయింది.

ఎదుటివాళ్ళు మన ప్రతివాడినీ ఒక్కొక్కడు పట్టుకుంటే? లెక్క వేసుకోండి. వాళ్ళకి కీపర్ కాక పదిమంది, మనకీ పదిమంది. అందరినీ పట్టుకున్నారంటే మన కీపర్ ఖాళీ, వాళ్ళ వెనక కాపలాకి అదనపు మనిషి లేడు. పైగా గోల్ కిక్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. మన ఫార్వర్డ్ వాళ్ళ చివరి డిఫెండర్ వెనకే నిలబడొచ్చు. ఒకసారి అలా నిలబెట్టి పొడుగ్గా కొట్టండి. తర్వాతి గోల్ కిక్‌కి వాళ్ళలో ఒకడు తప్పకుండా వెనక్కి తగ్గుతాడు. అలా తగ్గి వెనక ఒకణ్ణి అదనంగా ఉంచుకుంటే ముందు మనవాళ్ళలో ఒకడు వదిలిపోతాడు, కీపర్‌తో కలిపి ఇద్దరు ఖాళీ. వాళ్ళని వెతికి పట్టుకోవడమే పని.

లక్షణం: సైడ్ బ్యాక్ గీత దగ్గర ఇరుక్కుపోతున్నాడు

ఎక్కువ బంతులు పోయేది ఇక్కడే, ఎక్కువ తిట్లు పడేదీ ఇక్కడే. సైడ్ బ్యాక్ అంటే అంచున ఆడే డిఫెండర్. గీత పక్కన నిలబడ్డవాడికి ఒకవైపు దారి ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆ గీత కూడా వాళ్ళ ఆటగాడే అనుకోవాలి.

రెండు పాసులు వెనక్కి వెళ్ళి చూస్తే సాధారణంగా కనబడేది ఇదీ. స్టాపర్ బంతి అందుకుని నిలబడిపోయాడు. సైడ్ బ్యాక్ అతనితో సమానమైన గీతలోనే, సొంత గోలు వైపు సగం తిరిగి ఉన్నాడు. పాసు మెల్లగా, అడ్డంగా వెళ్ళింది. వాళ్ళ వింగర్ (అంచున ఆడే ఫార్వర్డ్) పాసు బయల్దేరగానే బయల్దేరాడు. బంతి, వింగర్ ఒకేసారి చేరుకున్నారు. ఇందులో సైడ్ బ్యాక్ చెయ్యగలిగింది ఏమీ లేదు.

సవరణ స్టాపర్‌తో మొదలవ్వాలి. ముందు ఖాళీ ఉంటే పాసు ఇవ్వకుండా బంతి తీసుకుని ఐదారు మీటర్లు నడవాలి. ఎవరో ఒకరు అడ్డు రాక తప్పదు. వింగరే వస్తే సైడ్ బ్యాక్ ఖాళీ అయినట్టు, అప్పుడు ఇవ్వాలి. మిడ్‌ఫీల్డర్ వస్తే అతను వదిలేసిన మనవాడికి ఇవ్వాలి. ఎవరూ రాకముందే ఇచ్చిన పాసు మన సమస్యని ఇంకొకడి మీదకి తోసెయ్యడమే.

సైడ్ బ్యాక్ స్టాపర్ కన్నా 10 నుంచి 15 మీటర్లు ముందు, వీపు గీత వైపు పెట్టి గ్రౌండంతా కనబడేలా నిలబడాలి. బంతిని దూరపు కాలితో అందుకోవాలి. రైట్ బ్యాక్ అయితే కుడికాలితో, అప్పుడు టచ్ దానంతటదే ముందుకి పోతుంది. ఎడమకాలితో ఆపితే లోపలికి, వింగర్ ఒళ్ళోకి పోతుంది.

అప్పటికీ ఇరుక్కుంటే కీపర్‌కి వెనక్కి ఇవ్వడం తప్పేమీ కాదు. కానీ ఆ బంతి గోలుపోస్టుల మధ్యకి కాక బయటికి వెళ్ళేలా ఇవ్వాలి, కీపర్ కూడా అటే జరగాలి. కాలు జారితే కార్నర్‌తో పోతుంది, గోలు అవదు. 1992 నుంచీ మనవాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టుకోకూడదు, పట్టుకుంటే ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. మనవాడి త్రో నేరుగా అందుకున్నా అదే. తలతోనో ఛాతీతోనో సహజంగా ఇస్తే పట్టుకోవచ్చు. పట్టుకోనివ్వడం కోసమని కాలితో పైకి లేపి తలతో ఇస్తే మాత్రం పసుపు కార్డు. కుర్రాళ్ళ మ్యాచుల్లో ఈ నిబంధన మరిచి బంతి పట్టేసే కీపర్లు ఇప్పటికీ ఉన్నారు. ఆట మొదలవకముందే ఒకసారి గుర్తుచెయ్యండి.

లక్షణం: మిడ్‌ఫీల్డర్ తిరగబోతే వెనకనుంచి లాక్కుంటున్నారు

కారణం ఒకటే, బంతి రాకముందు వెనక్కి చూడలేదు. బంతి బయల్దేరేటప్పుడొకసారి, దారిలో ఉన్నప్పుడొకసారి భుజం మీదుగా చూడాలి. బంతి చేరాక చూస్తే ఆలస్యమైపోయినట్టే.

ఇది చెబితే వచ్చేది కాదు, అలవాటు చెయ్యాలి. పాసు బయల్దేరగానే అందుకునేవాడి వెనక నిలబడ్డవాడు వేళ్ళు చూపించాలి. బంతి తాకేలోపు ఎన్ని వేళ్ళో చెప్పాలి. చెప్పలేకపోతే పాసు లెక్కలోకి రాదు. రోజూ పది నిమిషాలు, మూడు వారాలు.

రెండో సవరణ నోటిది. పాసు ఇచ్చేవాడికి అందుకునేవాడి వెనక ఏముందో కనబడుతుంది, కాబట్టి చెప్పాల్సింది అతనే. మూడే మాటలు పెట్టుకోండి: మనిషి మీదకొస్తుంటే "ఎనక!", ఖాళీ ఉంటే "తిరిగీ!", ఒక టచ్‌తో వదిలెయ్యాలంటే "ఇచ్చీ!". టీవీలో విన్న ఇంగ్లీషు కేకలు పెట్టే జట్లూ ఉన్నాయి, తప్పు లేదు గానీ ఆయాసంలో నోటికొచ్చేది ఇంటి మాటే.

మూడోది, అన్నిటికన్నా పనికొచ్చేది. వెనక మనిషి ఉన్నంత మాత్రాన మిడ్‌ఫీల్డర్‌కి పాసు మానెయ్యక్కర్లేదు. అతను తిరగకుండా ఒక్క టచ్‌తో, ముందుకి చూస్తూ నిలబడ్డ మూడోవాడికి వదలాలి. స్టాపర్ నుంచి సైడ్ బ్యాక్‌కి నేరుగా దారి మూసుకుపోయినప్పుడు మిడ్‌ఫీల్డర్ మీదుగా బంతి అక్కడికే చేరుతుంది. పాసు బయల్దేరినప్పుడే మూడోవాడు కదలాలి. మిడ్‌ఫీల్డర్ టచ్ చేశాక కదిలితే సందు మూసుకుపోతుంది.

లక్షణం: కీపర్ ప్రతి బంతీ గుడ్డిగా పైకి కొట్టేస్తున్నాడు

కీపర్‌ని తిట్టే ముందు అతను నిలబడేచోట మీరు నిలబడండి. ఎంతమంది మనవాళ్ళ రెండు బూట్లూ పూర్తిగా కనబడుతున్నాయో లెక్కపెట్టండి. ఎదుటివాడి నీడలో సగం కనబడేవాడికి పాసు వెళ్ళదు. ముగ్గురి కన్నా తక్కువ కనబడితే తప్పు కీపర్‌ది కాదు, ముందున్నవాళ్ళు రెండు అడుగులు పక్కకి జరగాలి.

తొందరా ఒక కారణమే. కాళ్ళ దగ్గర ఆగి ఉన్న బంతి ప్రమాదం కాదు, ఎవరూ మీదకి రానంత సేపు. రాబర్టో డి జెర్బి ఇంగ్లండ్ క్లబ్బు బ్రైటన్‌కి కోచ్‌గా ఉన్నప్పుడు ఆ జట్టు స్టాపర్లు బంతి మీద అరికాలు పెట్టి ఆగేవారు, ఎదుటివాడు విసిగి ముందుకొచ్చేదాకా. వచ్చాడంటే వెనక చోటు వదిలాడన్నమాట. మన కీపర్ కూడా ఫార్వర్డ్ ఐదారు మీటర్ల దాకా వచ్చేవరకూ ఆగొచ్చు. బంతి చేతిలో ఉంటే అంత తీరిక లేదు. 2025-26 నుంచి 8 సెకన్లు దాటితే ఎదుటివాళ్ళకి కార్నర్. చివరి ఐదు సెకన్లూ రిఫరీ చెయ్యెత్తి వేళ్ళతో లెక్కిస్తాడు.

లక్షణం: మొదటి వరస దాటుతున్నాం, అక్కడితో సరి

వెనకవాళ్ళు దిగిపోయి, ఫార్వర్డులు ముందు ఉండిపోయి, మధ్యలో 40 మీటర్లు ఖాళీ. పొడుగు బంతి కొట్టడంలో తప్పు లేదు, పడేచోట మనుషులు లేకపోవడం తప్పు. కొట్టే ముందే ఎక్కడ పడాలో తెలిసుండాలి, ఆ చోటికి 10 మీటర్లలో మనవాళ్ళు ముగ్గురుండాలి.

లక్షణం: అంతా సరిగ్గానే ఉంది, బంతే మాట వినడం లేదు

దీన్ని సాకు అనుకోకండి. వేసవిలో ఎర్రమట్టి నేల రాయిలా బిగుసుకుంటుంది, గాలి నిండా కొట్టిన బంతి ప్రతి గులకరాయికీ ఎగురుతుంది. 5వ నంబరు బంతి బరువు 410-450 గ్రాములు, గాలి పీడనం 8.5 నుంచి 15.6 పీఎస్ఐ మధ్య ఉండొచ్చు. బొటనవేలితో నొక్కి చూసే అలవాటు మానుకుని గేజితో చూడండి. గట్టి నేల మీద 9 దగ్గర ఉంచితే బంతి కాలికి కాస్త అతుక్కుంటుంది.

వానాకాలంలో అందరికన్నా ముందు చెడేది గోలు ముందరి నేల. మ్యాచ్‌కి అరగంట ముందు బంతితో గ్రౌండంతా తిరిగి, పాసు ఎక్కడ ఆగిపోతోందో చూసి, అక్కడ నేల మీద పాసులొద్దని జట్టుకి చెప్పండి. పెనాల్టీ ఏరియాలో నీళ్ళు నిలిచిన రోజున చిన్న గోల్ కిక్ ఆడటం ధైర్యం కాదు. సోంపేట నుంచి భోగాపురం దాకా సముద్రం వైపు ఊళ్ళలో మధ్యాహ్నం దాటాక గాలి మళ్ళుతుంది. ఎదురుగాలికి ఎత్తుగా కొట్టిన గోల్ కిక్ సగంలోనే దిగిపోతుంది, అలాంటప్పుడు చిన్నగా ఆడటమే క్షేమం.

లక్షణం: ప్రాక్టీసులో వస్తోంది, మ్యాచ్‌లో రావడం లేదు

గుండ్రంగా నిలబడి మధ్యలో ఇద్దర్ని పెట్టి తిప్పే ఆట టచ్‌కి మంచిదే. కానీ అందులో గోలు లేదు, వెళ్ళాల్సిన దిక్కు లేదు, బంతి పోతే నష్టమూ లేదు. ఇలా మార్చండి. గోలు గీత నుంచి 40 మీటర్లు, వెడల్పు 35. కీపర్, నలుగురు బ్యాకులు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఒకవైపు. ప్రెస్ చేసేవాళ్ళు మొదటి వారం నలుగురు, తర్వాత ఐదుగురు, ఆఖర్న ఆరుగురు. 40 మీటర్ల గీత మీద చెప్పులు పెట్టి 4 మీటర్ల ద్వారాలు రెండు. గోల్ కిక్‌తో మొదలు. ద్వారం దాటితే 1 పాయింటు. బంతి లాక్కున్నవాళ్ళు 8 సెకన్లలో గోలు కొడితే 2. నాలుగేసి నిమిషాలు నాలుగుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. సగం గ్రౌండు క్రికెట్ కుర్రాళ్ళదైతే (ఎప్పుడూ అంతే కదా) 25 మీటర్లు, 20 మీటర్లు చేసి ఒక బ్యాక్‌నీ ఒక మిడ్‌ఫీల్డర్‌నీ, ప్రెస్ చేసేవాళ్ళలో ఇద్దర్నీ తగ్గించండి.

మ్యాచ్ రోజు బెంచీ మీద ఒకడికి నోటుబుక్కు ఇవ్వండి. మన సగంలో బంతి పోయిన ప్రతిసారీ ఒక వరస రాయాలి: నిమిషం, కుడా ఎడమా మధ్యా, జెర్సీ నంబరు. నంబరు బంతి పోగొట్టుకున్నవాడిది రాయకూడదు, రెండు పాసుల ముందు బంతి ఎవరి దగ్గరుందో వాడిది రాయాలి.