ఎవరో వదిలేసిన పుల్ రిక్వెస్ట్‌ని పూర్తి చేస్తున్నారా? వాళ్ల పేరు పోకుండా చూడటం ఎలా?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఇది తరచూ జరిగేదే. ఎవరో పుల్ రిక్వెస్ట్ (తమ కోడ్ మార్పుల్ని ప్రాజెక్టులో కలపమనే అభ్యర్థన) పెడతారు. రివ్యూలో రెండు మార్పులు అడుగుతారు. పెట్టినవాళ్లు ఉద్యోగంలోనో పరీక్షల్లోనో పడి మళ్లీ అటు రారు. నెలల తర్వాత మీరు దాన్ని పూర్తి చేద్దామనుకుని ఆ కోడ్ కాపీ చేసి మీ బ్రాంచ్‌లో (మీరు విడిగా పనిచేసుకునే శాఖలో) పేస్ట్ చేస్తారు. అసలు రాసినవాళ్ల పేరు పోయేది అక్కడే. చాలాసార్లు ఇందులో దురుద్దేశమేమీ ఉండదు, తొందరే ఉంటుంది.

కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్. అది ప్రతి కమిట్‌లోనూ (ఒకసారి నమోదు చేసిన మార్పుల కట్ట) ఇద్దరిని విడిగా రాసుకుంటుంది: కోడ్ రాసినవాళ్లు ఆథర్, దాన్ని ఎక్కించినవాళ్లు కమిటర్. 2005లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ని లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోసం తయారుచేశారు. అక్కడ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఈమెయిల్‌లో వస్తాయి, రాసేది ఒకరు, ఎక్కించేది ఇంకొకరు. మనకు కావలసింది కూడా ఆ తేడానే.

1. ముందు అడగండి. పాత పుల్ రిక్వెస్ట్ కిందే "దీన్ని నేను పూర్తి చేయనా? మీ కమిట్లు మీ పేరుతోనే ఉంచుతాను" అని రాసి కొన్నాళ్లు ఆగండి.

2. కోడ్‌ని కాదు, కమిట్లనే తెచ్చుకోండి. గిట్ ప్రాజెక్టులను ఉంచే సైటు గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ నంబరుతో ఆ కమిట్లను ఫెచ్ చేయొచ్చు (మీ కంప్యూటర్లోకి తెచ్చుకోవచ్చు). పెట్టినవాళ్లు తమ ఫోర్క్ (ప్రాజెక్టుకు వాళ్ల సొంత కాపీ) డిలీట్ చేసినా అవి దొరుకుతాయి. వాటిని చెర్రీ-పిక్ చేసినా (ఎంచుకుని మీ బ్రాంచ్‌లోకి తెచ్చినా), రీబేస్ చేసినా (కొత్త కోడ్ పైకి మార్చినా) ఆథర్ పేరు అలాగే ఉంటుంది, మీరు కమిటర్ అవుతారు. మీ మార్పులు వాటిపైన వేరే కమిట్‌గా పెట్టండి. అన్నిటికంటే మంచి పద్ధతి ఇదే. రేపు ఎవరైనా గిట్‌లో బ్లేమ్ కమాండ్ కొట్టి చూస్తే ఏ లైను ఎవరిదో తెలుస్తుంది. అమెండ్ చేసినా (చివరి కమిట్‌ని సరిదిద్దినా) ఆథర్ మారరు, రీసెట్-ఆథర్ ఆప్షన్ ఇస్తే తప్ప. దాని జోలికి పోకండి.

3. రెండు పనులూ ఇప్పటికే ఒకే కమిట్‌లో కలిసిపోయాయా? ఎక్కువ పని వాళ్లదైతే కమిట్ కమాండ్‌కి ఆథర్ ఆప్షన్ జతచేసి వాళ్ల పేరు, ఈమెయిల్ ఇవ్వండి. ఎవరిది ఎక్కువో తేలకపోతే నేనైతే మొదట మొదలుపెట్టినవాళ్లనే ఆథర్‌గా ఉంచుతాను.

4. రెండో మనిషిని కో-ఆథర్‌గా చేర్చండి. కమిట్ మెసేజ్ చివర ఒక ఖాళీ లైను వదిలి, "కో-ఆథర్డ్-బై: పేరు <ఈమెయిల్>" అని రాయాలి. మెసేజ్‌లో మాత్రం ఇది ఇంగ్లీషు అక్షరాల్లో (Co-authored-by:), హైఫన్లతో సహా ఉండాలి. ఇంకొందరుంటే ఒక్కొక్కరికి ఒక్కో లైను, మధ్యలో ఖాళీ లైన్లు వద్దు. గిట్‌హబ్ 2018 నుంచి వీళ్ల పేర్లను కూడా కమిట్ పక్కన చూపిస్తోంది. ఈమెయిల్ వాళ్ల ఖాతాలో ఉన్నదై ఉండాలి, లేకపోతే ఆ కమిట్ వాళ్ల ప్రొఫైల్‌కి చేరదు. ఏ ఈమెయిల్ వాడాలో వాళ్లనే అడగండి, ఎందుకంటే అది అందరికీ కనిపిస్తుంది. సొంత అడ్రసు బయటపెట్టడం ఇష్టంలేనివాళ్లకు గిట్‌హబ్ ఇచ్చే నో-రిప్లై అడ్రసు ఉంది.

5. స్క్వాష్ (చాలా కమిట్లను ఒకటిగా కలపడం) దగ్గర జాగ్రత్త. ఇది మెయింటైనర్లకు, అంటే ప్రాజెక్టును నడిపేవాళ్లకు. గిట్‌హబ్‌లో స్క్వాష్ చేసి మెర్జ్ చేస్తే (ప్రాజెక్టులో కలిపితే) మిగతా ఆథర్ల పేర్లు కో-ఆథర్ లైన్లుగా అదే చేరుస్తుంది. మెసేజ్ పొడుగ్గా ఉందని ఆ పెట్టెలోదంతా చెరిపేస్తే అవి కూడా పోతాయి. మీ కంప్యూటర్లో మెర్జ్‌కి స్క్వాష్ ఆప్షన్ ఇస్తే ఆ సాయమూ ఉండదు, కమిట్ చేసినవాళ్లే ఆథర్ అయిపోతారు.

బగ్ చెప్పినవాళ్లకు, టెస్ట్ చేసినవాళ్లకు లినక్స్ కెర్నల్‌లో రిపోర్టెడ్-బై, టెస్టెడ్-బై లాంటి లైన్లున్నాయి. అక్కడ కలిసి రాసినవాళ్లకు వాడేది కో-డెవలప్డ్-బై. దాని కిందే వాళ్ల సైన్డ్-ఆఫ్-బై కూడా ఉండాలి. "ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది" అని ఎవరికి వారు ఇచ్చే హామీ అది. వాళ్లు ఒప్పుకోకుండా మీరు రాసిపెట్టకూడదు.

పొరపాటు బ్రాంచ్‌లో ఉండగానే తెలిస్తే అమెండ్‌తో సరిచేసి మళ్లీ పుష్ చేయండి. ప్రాజెక్టు ప్రధాన బ్రాంచ్ మెయిన్‌లో కలిసిపోయాక మాత్రం పాత చరిత్రను తిరగరాయకండి, అందరి క్లోన్లూ (వాళ్ల కంప్యూటర్లలోని కాపీలు) గందరగోళమవుతాయి. ఆ కమిట్‌ని రివర్ట్ చేసి (దాని మార్పుల్ని వెనక్కి తీసి) సరైన ఆథర్‌తో మళ్లీ ఎక్కించమని మెయింటైనర్లను అడగొచ్చు. దానికి ఒప్పుకోకపోతే రిలీజ్ నోట్స్‌లోనూ ఆథర్ల ఫైల్లోనూ వాళ్ల పేరు చేర్చి, ఆ సంగతి పాత పుల్ రిక్వెస్ట్ కింద వాళ్లకు చెప్పండి.