ట్రైనింగ్ అయింది, పని మాత్రం రావడం లేదు: పరిశోధకులకు సమస్య - పరిష్కారం

వర్క్‌షాప్‌లో అంతా అర్థమైంది, ల్యాబ్‌కొచ్చాక చేతులు ఆడటం లేదు

చాలామంది ఇది తమ తెలివితక్కువతనం అనుకుంటారు. కాదు. వర్క్‌షాప్‌లో ఇచ్చే డేటా కడిగిన ముత్యంలా ఉంటుంది. మన డేటాలో ఖాళీ గడులు, రెండు రకాల యూనిట్లు, పైగా ఎక్సెల్ నిర్వాకాలు. సెప్ట్1, మార్చ్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, చివరికి జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. సెప్ట్1 ఇప్పుడు సెప్టిన్1. ఆ కొత్త నియమాలు వచ్చింది 2020లో.

రెండో కారణం మరుపు. జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు: నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. కోర్సుకీ ప్రయోగానికీ మధ్య నెల గడిస్తే, మన నోట్సు ఎవరో రాసినట్టే ఉంటుంది.

కాబట్టి వెళ్లేటప్పుడే మీ డేటాలో చిన్న ముక్క, దానితో ఒక ప్రశ్న పట్టుకెళ్లండి. తిరిగొచ్చిన మర్నాడు నోట్సు మూసేసి గుర్తున్నంత వరకు తెల్లకాగితం మీద రాయండి, తర్వాతే తెరిచి సరిచూసుకోండి. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే నెగ్గారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లు ముందున్నారు. క్లాసులో ‘వచ్చేసింది’ అనిపించేది ఆ ఐదు నిమిషాల ధీమానే. వారంలోపు సొంత డేటాతో ఒక్క గ్రాఫ్ అయినా గీయలేననిపిస్తే, సర్టిఫికెట్ ఇస్తామన్నా సరే, ఆ కోర్సుకు ఇప్పుడు వెళ్లకపోవడమే మేలంటాను.

పేపర్లు కుప్పపడ్డాయి, జర్నల్ క్లబ్‌లో ఆవులింతలు

డౌన్‌లోడ్ చేయగానే చదివేసినంత తృప్తి కలుగుతుంది, జబ్బంతా అక్కడే. కొత్త పేపర్లు రాగానే మెయిల్ పంపే అలర్టులో ఒకే పదం పెట్టకండి. మీ పద్ధతి, మీ నమూనా రెండూ కలిపి పెడితే వరద తగ్గుతుంది. ముందు బొమ్మలు, తర్వాత పద్ధతులు చూడండి. సగానికి పైగా పేపర్లను అక్కడే వదిలేయొచ్చు, తప్పేం లేదు.

ఒక పేపర్ తీసుకుని అందరూ కూర్చుని చర్చించే జర్నల్ క్లబ్ కొత్తదేం కాదు, విలియం ఆస్లర్ అనే వైద్యుడు 1875లోనే కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో మొదలుపెట్టాడు. ఇప్పుడు అది చప్పబడటానికి కారణం, పేపర్ చదివేది స్లైడ్లు చేసే ఒక్కరే కావడం. స్లైడ్లు మానేయండి. ఏ బొమ్మను ఎవరు వివరించాలో అక్కడికక్కడ చీటీ తీయండి. అందరూ చదివే వస్తారు.

‘మీ ఎన్ ఎంత?’ అని రివ్యూయర్ అడిగితే టెన్షన్

ఎన్ అంటే ప్రయోగంలో విడివిడి నమూనాలు ఎన్ని అన్న లెక్క. ఈ టెన్షన్ సీనియర్లకే ఎక్కువ, పైకి చెప్పుకోరు కూడా. ఒకే ఎలుక నుంచి తీసిన కణాలను ప్లేటులోని మూడు వెల్స్‌లో (చిన్న గుంటల్లో) వేసి ఎన్ మూడు అని రాస్తారు. ఎలుకల గురించి చెప్పాలంటే అక్కడ ఎన్ ఒకటే. దీన్ని సూడోరెప్లికేషన్ అంటారు. హర్ల్‌బర్ట్ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1984లోనే ఈ పేరుతో దీన్ని ఎండగట్టాడు. అయినా ‘మా ల్యాబ్‌లో ఎప్పుడూ ఇంతే’ అన్న ఒక్క మాటతో తరాలు దాటి వస్తోంది.

దీనికి పెద్ద కోర్సు అక్కర్లేదు. మీ పాత పేపర్ ఒకటి తీసి, ఒక్కో గ్రాఫ్ కింద ఎన్ అంటే ఎలుకా, వెల్లా, ప్రయోగం చేసిన రోజా అని రాయండి. ఒక సాయంత్రం పని, కాస్త మనసు కష్టపడుతుంది. తదుపరి ప్రయోగానికి స్టాటిస్టిషియన్‌ను ముందే కలవండి. అంతా అయ్యాక ఆయన దగ్గరికి వెళ్లడం తరచుగా పోస్ట్‌మార్టమ్ చేయమన్నట్టే అని ప్రసిద్ధ స్టాటిస్టిషియన్ ఫిషర్ 1938లోనే అన్నాడు.

నేర్చుకోవడానికి టైమ్ లేదు

ఉండదు కూడా. నేర్చుకునే రోజులను ప్రాజెక్టు ప్లాన్‌లోనే, రీజెంట్ల (ప్రయోగానికి వాడే రసాయనాల) ఆర్డర్ పక్కన ఒక వరుసగా రాయించండి. ‘ఖాళీ దొరికితే చూద్దాం’ అన్నది ఏ ల్యాబ్‌లోనూ జరగదు.

పని తెలిసిన ఒక్కరూ వెళ్లిపోయారు, మెషిన్ మూలన పడింది

ట్రైనింగ్‌కు ఒక్కరినే పంపడం, నేర్చుకున్నది ఆ ఒక్కరి తలలోనే ఉండిపోవడం, కారణం ఇదే. నేర్చుకున్నవారు ప్రోటోకాల్ (పని ఒక్కో మెట్టుగా ఎలా చేయాలో) రాయాలి, అది చూసి మరొకరు మెషిన్ నడపాలి. రాసినవారు పక్కనే కూర్చోవాలి, నోరు మాత్రం తెరవకూడదు. నడిపేవారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ ప్రోటోకాల్‌లో ఒక వాక్యం తగ్గిందన్నమాట. అది రాసి, ఈసారి మూడో మనిషిని కూర్చోబెట్టండి.